యేసమ్మ హోటలు ముందటి కుండీ

యేసమ్మ ఆదివారం ప్రార్థనకు పోయి వచ్చేసరికి ఆమె హోటలు ముందర మోకాలెత్తు గోడ లేచి ఉంది. చేతిలో బైబిలు సంచి, ఇంకో చేతిలో మట్టి అంటకుండా ఎత్తిపట్టుకున్న తెల్లచీర కుచ్చెళ్లు. మేస్త్రీలు ఇటుక మీద ఇటుక పేరుస్తుంటే చూస్తూ నిలబడింది. ఏం కడుతున్నారని అడిగితే చెత్తకుండీ అన్నారు. ఇక్కడే ఎందుకని అడిగితే, మెంబరు సాబు ముగ్గు పోసి చూపించిండు, మాకేం ఎరుక అన్నారు. గడపలో కూర్చొని చాయ్ గ్లాసు కడిగిన నీళ్లు విసిరితే ఆ గోడకు తగులుతాయి. అంత దగ్గర.

ఆదివారమే ఎందుకు కట్టారో నాకు ఎవరూ చెప్పనక్కరలేదు. ఆ పూట ఆమె ఇంట్లో ఉండదని తెలిసినవాళ్లే ఆ పూట మేస్త్రీలను పంపుతారు.

అది అరవై ఎనిమిది ఎండాకాలం. గోదావరిఖని అప్పటికి పట్టణం కాదు, పట్టణం కావాలని తొందరపడుతున్న గుంపు. క్వార్టర్లలో కంపెనీ ఊడ్పించుకునేది. క్వార్టర్లు దాటితే గుడిసెలు, గుడిసెల మధ్య చెత్త. దానికి దిక్కెవరూ లేరని పట్టణ కమిటీ ఒకటి పెట్టారు. దానికి ఉన్నది ఒక రేకుల గది, ఒక దున్నపోతుల బండి. లేనిదల్లా అభివృద్ధి అనే మాటతో పూడ్చుకునేవారు. మా వాడకు మెంబరు నర్సింగం. సిమెంటు, రేకులు అమ్మే దుకాణం ఉండేది. ఎవరితోనైనా మెత్తగా మాట్లాడేవాడు. మెత్తగా మాట్లాడేవాళ్ల చేతులెక్కడ ఉన్నాయో చూసుకోవాలని నేను అప్పటికే నేర్చుకున్నాను.

యేసమ్మ మొగుడు తోమాసు గనిలో కప్పుకు దుంగలు నిలబెట్టే టింబరు పని చేసేవాడు. వాళ్లది రెండు తరాల గని కుటుంబం, మందమర్రి దిక్కు నుంచి వచ్చారు. ఒక వానాకాలం జ్వరమొచ్చి తోమాసు పోయాడు. పిల్లలు లేరు. కొన్నాళ్లు ఆమె ఆఫీసర్ల ఇళ్లలో అంట్లు తోమింది. ఒక ఇంట్లో ఆమె తాగే గ్లాసు వేరుగా పెరట్లో గోడ మీద బోర్లించి పెట్టేవారట. ఒకనాడు ఆ గ్లాసును అక్కడే వదిలేసి వచ్చి, మళ్లీ ఒకరి గిన్నె తోమనని ఒట్టు పెట్టుకుంది. తోమాసు తెచ్చిన పాత దుంగలతో, తాటి కమ్మలతో హోటలు వేసింది. గుడిసెల బాట, క్వార్టర్ల బాట కలిసి గని దిక్కు తిరిగే మూల అది. మొదటి షిఫ్టుకు పోయే ప్రతివాడూ ఆ మూల తిరగాల్సిందే.

శనగ గుడాలు, జొన్నరొట్టె, ఉడకబెట్టిన గుడ్లు, మేక కార్జం వేపుడు ఉండేవి. అన్నిటికన్నా ఆమె బబ్బెర గారెలకు పేరు. నానిన బబ్బెర్లను రుబ్బురోట్లో వేసి, నెత్తిన పిడికట్టె బిగించిన నల్లటి పొత్రాన్ని రెండు చేతులా తిప్పుతూ రుబ్బేది. ఆ గరగర వినబడితే షిఫ్టుకు ఇంకా టైముందని లెక్క. నేను అప్పుడు గనిలో ఎవరైనా రాకుంటే వాళ్ల బదులు దిగే బదిలీ పనివాణ్ని. పని దొరకని రోజు ఆమె బెంచీ మీద కూర్చొని పొట్లాలు కట్టడానికి తెచ్చిన పాత పేపర్లు చదివేవాణ్ని. చదవడం అయిపోతేనే ఆ కాగితంలో గారెలు కట్టేది.

కుండీ కట్టడానికి ముందు నర్సింగం ఆ బెంచీ మీదే కూర్చొని ఆమెను అడిగాడు.

"అక్కా, గీ మూల నీకెందుకు? ఎన్కకు జరుగు. రేకులు నేనిస్త. మా బామ్మర్ది సైకిళ్ల దుకాణం పెట్టుకుంటడు."

"ఎన్కకు జరిగితె షిఫ్టుకు పోయెటోని కండ్లకు నేను కనవడ," అంది యేసమ్మ. "కనవడని హోటలు ఏం హోటలు నర్సింగం?"

అతను నవ్వి, ఇంకో గారె అడిగి తిని, లేచి పోయాడు. ఆ తర్వాత వచ్చింది కుండీ. కమిటీలో అడిగితే, అక్కడ బాట వెడల్పుగా ఉంది, బండి తిప్పుకోవడానికి వీలు అన్నారు. నిజమే, బండి అక్కడ తిరిగేది. నన్ను ఎక్కువ కాల్చింది అదే. ఉత్త అబద్ధమైతే పట్టుకోవచ్చు. నిజాన్ని పైన పరిచిన అబద్ధాన్ని ఎక్కడని పట్టుకుంటాం?

వాడంతా బొగ్గు పొయ్యిలే. మా ఆడవాళ్లంతా పల్లెల నుంచి వచ్చినవాళ్లు. పల్లెలో పొద్దున లేస్తే పొయ్యిలో బూడిద ఎత్తి పెంట మీద పోయాలె. చేతులకు అది పుట్టుక నుంచీ అలవాటు. కట్టె బూడిద తెల్లారేసరికి చల్లారుతుంది. బొగ్గు బూడిద అట్లా కాదు, పైన తెల్లగా ఉంటుంది, లోపల కన్ను తెరిచే ఉంటుంది. అది తెలిసీ మా ఆడవాళ్లు తట్ట నిండా ఎత్తి తెచ్చి కుండీలో కుమ్మరించేవాళ్లు. విస్తరాకులు, కోడి ఈకలు, చింకి గుడ్డలు ఉన్న కుండీలో ఆ నిప్పు పొద్దంతా రగిలేది. పొగ నేరుగా హోటల్లోకి వచ్చేది. గారెలు ఈకల వాసన కొట్టేవి. తినేవాళ్లు మొదట దగ్గారు, తర్వాత వేరే బాట చూసుకున్నారు. పొగ పెట్టే ఇళ్లూ, తినడం మానేసిన ఇళ్లూ ఒకటే. నర్సింగం మాత్రం ఒక్క తట్ట బూడిద కూడా పొయ్యలేదు. అతనికి ఆ అవసరమే లేదు.

యేసమ్మ ఇల్లిల్లూ తిరిగి, బూడిద మీద చెంబెడు నీళ్లు చల్లి పొయ్యండని బతిమాలింది. పక్కింటి లస్మవ్వ నోరు పెద్దది, మనసు కూడా పెద్దదే. ఆమె నడుం మీద చెయ్యి పెట్టుకొని చెప్పింది: "వదినా, తాగనీకె నీళ్లు లెవ్వు. బూడిదకు తానం పొయ్యాల్నా?" అందరూ నవ్వారు. యేసమ్మ కూడా నవ్వక తప్పలేదు. నల్లా దగ్గర బిందెల వరుస ఎట్లా ఉంటుందో ఆమెకూ తెలుసు.

కమిటీ బండివాడు కొమురెల్లి ఒకసారి ఆ చెత్తను ఎత్తుకుపోయాడు. గని మలుపు దాటేసరికి బండిలోని వెదురు తడిక అంటుకుంది. వెనక వేడి తగిలి దున్నలు బజారులో పడి పరుగెత్తాయి. పొగ కక్కుతూ పోతున్న బండిని చూసి పిల్లలు రైలొచ్చింది అని ఎగిరారు. ఆ రోజు నుంచి కొమురెల్లి ఆ కుండీ ముట్టలేదు. చెత్త ఎత్తమంటే ఎత్తుతా గానీ నిప్పు ఎత్తే నౌకరి నాది కాదని కమిటీలో చెప్పాడు.

నా రాతతో అర్జీ పెట్టాం. కుండీని ఇరవై అడుగులు జరపమని. కమిటీ విన్నది, పరిశీలిస్తామన్నది. ఇవాళ కుండీ వద్దంటే రేపు దీపం వద్దంటారు, ఎల్లుండి బాటే వద్దంటారు, ఇట్లయితే అభివృద్ధి ఎట్లా అని నర్సింగం మెత్తగానే అన్నాడు. వానలు పడితే నిప్పు ఆరుతుందని యేసమ్మ ఎదురుచూసింది. పడ్డాయి. నిప్పు ఆరలేదు, పొగ రెట్టింపైంది.

శ్రావణంలో ఒక పొద్దున లస్మవ్వ బూడిద తట్టతో వచ్చి కుండీ దగ్గర ఆగిపోయింది. కుండీ ముందు, కాస్త మిట్టగా ఉన్న చోట, నల్లటి రాయి పాతి ఉంది. పసుపు పూసి, బొట్లు పెట్టి, పక్కన వేపకొమ్మ గుచ్చారు. లస్మవ్వ తట్టను అట్లే నెత్తిన పెట్టుకొని వెనక్కి తిరిగింది. పోచమ్మ మీద బూడిద పోసే చెయ్యి మా వాడలో లేదు. పొద్దెక్కేసరికి అందరికీ తెలిసింది. మర్నాటికి కుండీ చల్లబడింది. చెత్తంతా నర్సింగం దుకాణం వెనక వాగు ఒడ్డుకు మళ్లింది.

హోటలుకు జనం తిరిగి వచ్చారు. నేను మాత్రం రాయి పెట్టిందెవరా అని చూస్తూ తిరిగాను. కొమురెల్లి పెట్టి ఉండొచ్చు, వాడి దున్నలు బతికాయి. లస్మవ్వ పెట్టి ఉండొచ్చు, యేసమ్మ మీద జాలితో. నర్సింగమే పెట్టించి ఉండొచ్చు, ఎందుకో నాకు ఇంకా తెలియని ఎత్తుతో. ఆరోజు బెంచీ మీద కూర్చొని గారెలడిగాను. గారెలు లేవంది. మర్నాడూ లేవు. రుబ్బురోలు మూలకు ఉంది, దాని గుంతలో పొత్రం లేదు.

"అక్కా, పొత్రం ఏది?"

"పలిగింది."

"పలిగిన ముక్కలేవి?"

ఆమె గ్లాసు కడుగుతూ నా వైపు చూడలేదు. "అనుమానం నీకు అన్నం లెక్కైంది తమ్మీ. పొద్దున లేస్తె అదే తింటవ్. చాయ్ తాగి పో."

నేను చాయ్ తాగి వచ్చాను. బయట రాయి వైపు ఇంకోసారి చూశాను. పసుపు మందంగా పూశారు. రెండు చేతులూ పట్టేంత లావు, కింద గుండ్రం, పైకి సన్నం. ఆమె ప్రతి ఆదివారం ప్రార్థనకు పోయే మనిషి. ఆ రాయి సంగతి తెలిస్తే చర్చి సంఘంవాళ్లు వెలివేస్తారు, వాడ వాళ్లు కొడతారు. హోటలు కోసం అంత తెగించిందా అనుకున్నాను. తెగించింది. అప్పుడు ఆమెను ఎంత మెచ్చుకున్నానో చెప్పలేను.

కానీ రాయి పాతినంత తేలిక కాదు, దాని వెనక వచ్చేదాన్ని ఆపడం. బోనాల నాడు ఆడవాళ్లు వరుసగా వచ్చారు. మరుసటి ఎండాకాలం లస్మవ్వ కొడుక్కు తల్లి పోసింది. ఒళ్లంతా పొక్కులు, కళ్లు తెరవలేదు. లస్మవ్వ ఆ రాయి ముందే పడుకుంది, మొక్కింది, నీళ్లారబోసింది. పిల్లగాడు బతికాడు. ఆమె ఆ రాయిని కౌగిలించుకొని ఏడ్చింది. చుట్టూ ఉన్నవాళ్లు కూడా ఏడ్చారు. యేసమ్మ హోటలు గడపలో నిలబడి కొంగు నోటికి అడ్డం పెట్టుకొని చూసింది. ఆ చూపు నాకింకా గుర్తుంది. తను వెలిగించని దీపం తన ఇంట్లో వెలుగుతుంటే చూసినట్టు చూసింది.

అప్పుడు లేచాడు నర్సింగం. తల్లి ఎండకు ఎండుతున్నది, వానకు తడుస్తున్నది, మన వాడకు సిగ్గు కాదా అన్నాడు. నెలల తరబడి ఇరవై అడుగులు జరగని కుండీని కమిటీ ఒక్క పూటలో పగలగొట్టించింది. ఆ ఇటుకలతోనే గద్దె కట్టారు. రేకులు నర్సింగం దుకాణం నుంచి వచ్చాయి. పైన వెండి కళ్లు, ఇత్తడి కిరీటం అతనే పెట్టించాడు. కుండీ పోయిందని యేసమ్మ పోయినోళ్లకు వచ్చినోళ్లకు ఉత్తగ చాయ్ పోసింది. నేను తాగలేదు. గద్దె ఇంత పెద్దదెందుకు కడుతున్నారో, దాని ముందు ముగ్గు ఎక్కడి దాకా పోస్తున్నారో నేను చూస్తున్నాను. ముగ్గు హోటలు బెంచీ కాళ్ల దాకా వచ్చింది.

అది అరవై తొమ్మిది. తెలంగాణ ఉద్యమంతో బడులు బంద్, బస్సులు బంద్. కమిటీ పని మాత్రం బంద్ కాలేదు. గుడి ముందు జాగా ఖాళీగా ఉండాలని తీర్మానం చేశారు. నర్సింగమే వచ్చి చెప్పాడు.

"అక్కా, నా దాంట్ల ఏం లేదు. జనం అంటున్నరు. అమ్మోరి ముంగట గుడ్లు, కార్జం అమ్ముడు మంచిగుంటదా?"

బెంచీ మీద కూర్చున్న నేను పోచమ్మకు కోడిని కొయ్యరా, యాటను కొయ్యరా, కల్లు పొయ్యరా అని అడిగాను. ఆ తల్లికి లేని పట్టింపు నీకెక్కడిదన్నాను. అతను నా వైపు మెత్తగా చూశాడు.

"తమ్మీ, నువ్వు శాన సదువుతవు. అమ్మోరి దగ్గర అమ్మోరిని మొక్కెటోళ్లు ఉండాలె గద."

అసలు మాట అది. అంతవరకూ ఆమె గారెలు తిన్నప్పుడు ఎవరికీ గుర్తు రాని మాట. యేసమ్మ గుడ్డ తీసుకొని బెంచీ తుడవసాగింది. అతను పోయాక నేనన్నాను:

"రేపు కమిటీల నేను చెప్త. అది నీ పొత్రమని చెప్త. రాయి తీస్తె గుడి లేదు, గుడి లేకుంటె నీ జాగకు ఎవడొస్తడు?"

"నువ్వు చెప్తె నేను కాదంట," అంది.

"ఎందుకు? సంఘపోళ్లకు భయపడ్తున్నవా?"

"భయం లేదని చెప్పను." ఆమె బెంచీ తుడుస్తున్న గుడ్డను పిండి దండెం మీద వేసింది. "లస్మి ఆ రాయిని పట్టుకొని ఏడ్సింది సూసినవా? ఇప్పుడు వోయి దానికి ఏం జెప్పాలె? నువ్వు మొక్కింది గారెల పిండి రుబ్బిన రాయికి అని చెప్పాల్నా? రేపు పోరనికి ఏమన్నయితె, నా మాటతోని అయిందనుకుంటది. ఆ పాపం నేను మొయ్య."

"మరి హోటలు?"

"రాయి పెట్టిన్నాడు నాది. ఇప్పుడు నాది గాదు తమ్మీ."

నేను కమిటీకి పోయి బయట నిలబడి తిరిగి వచ్చాను. ఆమె కాదంటే నా మాట ఎవరు నమ్ముతారు?

లస్మవ్వా ఇంకొందరూ వెళ్లి, యేసమ్మ ఉంటే ఏమవుతుందని అడిగిన మాట వాస్తవమే. మీరు చెప్తున్నరు గానీ రాతపూర్వకంగా తీర్మానమైందని వాళ్లకు సమాధానమొచ్చింది. దుంగలు పీకడానికి కొమురెల్లినే బండితో పంపారు. యేసమ్మ సామాను మందమర్రి తమ్ముని ఇంటికి పోయింది. ఆమె పోతూ లస్మవ్వ కొడుకు నెత్తి మీద చెయ్యి పెట్టి పోయింది. గద్దె దిక్కు తిరగలేదు.

ఖాళీగా ఉండాల్సిన జాగా దసరా దాకా ఖాళీగా ఉంది. తర్వాత అక్కడ నర్సింగం బామ్మర్ది కొబ్బరికాయల దుకాణం పెట్టాడు. దాని పక్కనే సైకిళ్లు అద్దెకిచ్చాడు. భక్తుల సౌకర్యం కోసం అని బోర్డు రాశాడు.

చాలా రోజుల తర్వాత కల్లు దుకాణం దగ్గర కొమురెల్లి నాతో ఒక మాటన్నాడు.

"నెత్తిన తొర్ర ఉన్న అమ్మోరిని నేనెన్నడు సూడలే అన్నా. పిడికట్టె పెట్టుకోనీకె తొర్ర."

"నీకెప్పుడు తెలిసింది?"

"పసుపు పూసిన్నాడే."

"ఎందుకు చెప్పలే?"

"నా దున్నలు బతికినయి గదనే."

నాకు కల్లు చేదైంది. ఆ తొర్రలో లక్క పోయించి, దాని మీద కిరీటం కూర్చోబెట్టించింది నర్సింగం. పోయించేటప్పుడు దగ్గర నిలబడి చూశాడు. తొర్ర ఎందుకున్నదో సిమెంటు అమ్మేవాడికి తెలియదా? తెలిసి, ఆమె నోరు తెరవలేదని కూడా తెలిసి, దాని మీదే కట్టాడు. అతనికి తెలుసు, కొమురెల్లికి తెలుసు, నాకు తెలుసు. లస్మవ్వకు కూడా తెలుసేమో. అప్పుడప్పుడు వాడలో అందరి మొహాలూ చూస్తూ నడుస్తాను. ఏ మొహమూ చెప్పదు.

డెబ్భై ఏడులో ఒక పని మీద పోతూ మందమర్రి స్టేషన్లో దిగాను. యేసమ్మ ప్లాట్‌ఫారం చివర కోళ్లగంపతో కూర్చొని ఉంది. జుట్టు తెల్లబడింది. చేతుల వేళ్ల సందులు బూడిదతో, చింతపండుతో ఒరుసుకుపోయి ఉన్నాయి. అంట్లు తోమే చేతులు అడగకుండానే చెప్తాయి. నేను చూస్తున్నానని కొంగు కప్పుకుంది. గోదావరిఖని సంగతులు అడిగింది. కమిటీకి ఇప్పుడు లారీ వచ్చిందని, నర్సింగం రెండోసారి గెలిచాడని, లస్మవ్వ కొడుకు బడికి పోతున్నాడని చెప్పాను. ఆ చివరిదానికే తల ఊపింది.

మళ్లీ హోటలు పెట్టలేదేమని అడిగాను. బండి వస్తున్న చప్పుడైంది. ఆమె గంప ఎత్తుకోవడానికి లేచి, గంప మీది గుడ్డ సర్దుతూ చెప్పింది:

"సామాను అమ్ముకున్న తమ్మీ. బెంచీలు పోయినయి, కెటిలి పోయింది. రోలు ఒక్కటే ఎవలు కొనలే. కొననొచ్చినోళ్లు పొత్రం ఏదని అడిగిండ్రు. అది గోదావరిఖనిల పోచమ్మై పూజలందుకుంటున్నదని ఉన్నది ఉన్నట్టు చెప్పిన. కడుపు పట్టుకొని నవ్విండ్రు. ఇగ దాంట్ల కోళ్లకు నీళ్లు పోస్తున్న."